వెలుతురు వెనక వచ్చింది

యుద్ధం రోజుల్లో పంజాగుట్టలోని మా అత్తవారింట్లో రేడియోకి ఉన్న మర్యాద కోడలికి లేదు. అత్తమ్మ చిన్నకొడుకు, నా మరిది, ఫౌజులో చేరి సముద్రం అవతల ఎడారిలో ఉన్నాడు. సిపాయిల పలకరింపులు షార్ట్‌వేవ్‌లో వినిపిస్తారనీ, శనివారం సాయంత్రం అతని వంతనీ కబురొచ్చింది. అత్తమ్మ ఆ గొంతు విని రెండేళ్లు దాటింది. మామయ్య చర్చి వాళ్లందరినీ పిలిచేశారు.

శుక్రవారం మధ్యాహ్నం నేను డాబా మీద చిన్న దుర్భిణితో సూర్యబింబాన్ని తెల్లకాగితం మీద పట్టి చూస్తున్నాను. బీయస్సీ చదువులో నాకు మిగిలిన సుఖం అదొక్కటే. బింబం నడుమ పెద్ద మచ్చల గుంపు. సరిగ్గా అప్పుడే కింద రేడియో మూగబోయింది. కాసేపటికి మళ్లీ పలికింది. నేను దిగివచ్చి, ఆ మచ్చల దగ్గర లేచిన మంట వల్లే రేడియో ఆగిందని చెప్పాను.

"అయిపాయె కద," అన్నారు మామయ్య.

"కాలేదు మామయ్యా. ఇది వెలుతురుతో పాటు వచ్చిన దెబ్బ. సూర్యుడు విసిరిన కణాల గుంపు వెనక వస్తోంది. తొమ్మిది కోట్ల మైళ్లు దాటాలి కాబట్టి రేపటికో ఎల్లుండికో చేరుతుంది. పక్కనుంచి పోతే మనకు తగలకపోవచ్చు కూడా. తగిలితే మాత్రం రేపేమీ వినపడదు. పిలిచినవాళ్లను రావద్దనండి."

"వస్తదంటవ్, రాదంటవ్. గిది చెప్పనీకె చదువెందుకు? నీ నోట్ల మంచి మాటే రాదా?"

ఆ కణాల గుంపు తగలనే తగిలింది. శనివారం ప్రార్థన చేశాకే, మా ఇంటి అలవాటు ప్రకారం, మీట తిప్పారు. గరగర, ఈలలు, మునిగి తేలే గొంతుల ముక్కలు. అత్తమ్మ పెట్టెకు చెవి ఆనించింది. మళ్లీ ప్రార్థించారు. క్షణం తెరిపిచ్చి, "...క్షేమం" అని ఎవరిదో చివరి మాట వినిపించింది. అంతే.

"చూసిన్రా, ప్రార్థన బలం!" అన్నారొకరు. గరగర మాత్రం నా నోటి చలవట! వినపడిన ముక్క దేవుడిది, వినపడనిదంతా నాది. తెల్లారగానే మామయ్య నా దుర్భిణిని బేగంపేటలో వేటకు తిరిగే స్నేహితుడికి ఇచ్చేశారు.

కొన్ని వారాలకు మరిది వంతు మళ్లీ వచ్చింది. అత్తమ్మ వంటింట్లో గొంతు తగ్గించి అడిగింది: "బిడ్డా, జర సూర్యుణ్ణి సూసి చెప్పరాదు. ఈసారి సుత అట్లనే ఐతదా?"

సూర్యుడు ఒక చుట్టు తిరిగి ఆ మచ్చల్ని మళ్లీ ఇటు తెచ్చే రోజులే అవి. ఉన్నాయో, చెరిగిపోయాయో? దేనితో చూడను?

"మామయ్యనడగండి అత్తమ్మా, ప్రార్థన చేసి చెప్తారు."

"ఆయనకేమెరుక?" అంది.

ఆ మాట అంతమందిలో, ఆ శనివారం అనలేదు.