రెండో అంతస్తులోని కేంద్రం

పురపాలక కార్యాలయంలో అటెండరు మొదలు ఆఫీసరు దాకా అందరూ అక్కడి టైపిస్టును టైపక్క అనే పిలిచేవారు. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో భద్రంగా ఉంది.

ఏటా ఆవిడ చేతి మీదుగా వెళ్లే కాగితాల్లో బాలల న్యాయ సేవల ప్రణాళిక ఒకటి. తప్పు చేసి దొరికిన పిల్లల్ని దూరాన ఉన్న బాలల హోముకు పంపకుండా, ఊళ్లోనే దారిలో పెట్టడానికి ఏమేం చేస్తారో అందులో రాయాలి. రాయడమంటే ఏముంది, నిరుటి ఫైలు తెరవడం, సంవత్సరం మార్చడం, సంతకానికి పెట్టడం, కోర్టుకు పంపడం. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు. నాలుగో పేజీలో ‘రెండవ అంతస్తునందు పన్నెండుగురు బాలురకు శిక్షణ కేంద్రము నడుచుచున్నది’ అన్న వాక్యం ఆవిడకు కంఠతా వచ్చు. నడవడం మాట దేవుడెరుగు, ఆ గదిలో విరిగిన కుర్చీలు తప్ప నరమానవుడు లేడు. ఆ సంగతి తెలియనివాళ్లు ఆఫీసులో లేరు, అడిగినవాళ్లూ లేరు.

అలా ఉండగా ఆవిడ చెల్లెలి కొడుకు, పదిహేనేళ్లవాడు, ఎవరిదో స్కూటరు సరదాకి తీసి ఒక దుకాణం అద్దాలు పగలగొట్టాడు. జడ్జిగారు ప్రణాళిక తిరగేసి, నాలుగో పేజీ దగ్గర ఆగి, హోము అక్కర్లేదు, మూడు నెలలు బడి వదిలాక రోజూ ఈ కేంద్రానికి వెళ్లమన్నారు. చెల్లెలు సంతోషం పట్టలేక అక్క చెయ్యి నలిపేసింది.

“మీ ఆఫీసేగా అక్కా. నువ్వుండగా నాకు బెంగేంటి?”



టైపక్క మర్నాడే వెళ్లి ఆఫీసరును బతిమాలింది. గది తెరిపించండి, ఎవరో ఒక మాస్టారిని వేయండి అంది. ఆయన చెడ్డవాడేం కాదు, వట్టి పిరికివాడు. ఇప్పుడు తెరిస్తే ఇన్నాళ్లూ తెరవలేదని బయటపడిపోదా అమ్మా అన్నాడు. కావాలంటే ఆఖర్న, కుర్రాడు బుద్ధిగా హాజరయ్యాడని ఉత్తరం ఇస్తానన్నాడు. ఆవిడ ఆ మాట పట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

పిల్లవాడు మాత్రం రోజూ వచ్చేవాడు. తాళం వేసిన తలుపు ముందు, మెట్ల మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. ఏం సారూ, తనిఖీకి వచ్చారా అని అటెండరు ఆటపట్టించేవాడు. పెద్దమ్మ మంచినీళ్లు తెచ్చిచ్చేది. జ్వరం వచ్చిన రోజు కూడా వాడు మానలేదు, వెర్రినాగన్న.

గడువు తీరింది. ఉత్తరం ఆవిడే టైపు చేసింది. ‘శిక్షణయందు చక్కని ప్రగతి కనబరచెను.’ కామాలతో సహా రెండుసార్లు సరిచూసుకుంది. ఇంత పకడ్బందీ మనిషి కూడా ఆ ఉత్తరంలో ఏముందో పిల్లవాడికి చెప్పలేదు. చెప్పాలని తట్టనే లేదు. ఇరవై రెండేళ్లలో ఆవిడ టైపు చేసిన కాగితం గురించి ఎవరైనా, ఎవరినైనా, ఒక్క ముక్క అడిగితే కదా!

జడ్జిగారు ఉత్తరం చదివి ముచ్చటపడ్డారు. అక్కడ ఏం నేర్పారు బాబూ అని అడిగారు.

“ఏం నేర్పలేదండీ. గదికి తాళం వేసి ఉంటుంది. నేను మెట్ల మీద కూర్చున్నాను.”

ఆయనకు కోపమైనా వస్తే బాగుండేది. కేంద్రమే లేనప్పుడు అక్కడికి పంపడం కుదరదు, ఇక హోమే గతి అన్నారు. ఏడాది. ఆఫీసును సంజాయిషీ అడిగారు. మరమ్మతుల వలన తాత్కాలికంగా మూసి ఉన్నదని దాన్నీ టైపక్కే కొట్టింది. నమ్మారో లేదో గానీ ఫైలు మూసేశారు. ఆ వారమే కొత్త సంవత్సరం ప్రణాళికా వెళ్లింది, నాలుగో పేజీతో సహా. ఆవిడ చేతులు విరిగిపోతే బాగుండుననుకుంది, కానీ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

చెల్లెలు మాట మానేసింది. కోర్టులోంచి తెచ్చిన దుఃఖంతో మంచం పట్టి, కొడుకును చూడటానికి కూడా లేవడం లేదు. టైపక్క ఒక్కతే రెండు బస్సులు మారి హోముకు వెళ్లింది. వాడికి జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. మెడ మరీ సన్నగా కనబడింది.

అమ్మ ఎందుకు రాలేదని వాడు అడగలేదు. కాసేపు గోళ్లు చూసుకుని, మెల్లగా దగ్గరికి జరిగాడు.

“పెద్దమ్మా, మళ్లీ జడ్జిగారు పిలిస్తే ఏం చెప్పాలో ఈసారి ముందే చెప్పు. అదే చెబుతాను.”

నాలుగో పేజీ మొత్తం కళ్లు మూసుకుని అప్పజెప్పగల మనిషి వాడి చొక్కా పైగుండీ పెట్టింది. చూసే వేళ అయిపోయిందని వార్డెను వచ్చి వాణ్ని లోపలికి తీసుకుపోయాడు.