మాస్టారు ఒప్పుకోని మొదటి పేజీ

మాస్టారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను ఆయన మీద మండిపడుతూ ఉన్నాను. పోయినవాళ్ళ గురించి అబద్ధాలు రాయడం నాకు చేతకాదు, అందుకని ముందే చెప్పేస్తున్నాను. తాడేపల్లిగూడెంలో మా ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, నేను రాసిన పేజీ పక్కన ఆయన పెట్టిన ఎర్ర గుర్తు చూసి, "దేవుడా, ఈయనతో ఎలా వేగేది?" అని పైకే అన్నాను. అప్పుడే ఏలూరు నుంచి మాస్టారి భార్య ఫోన్ చేశారు. ఆవిడని మేమంతా పిన్నిగారు అంటాం. "మీ మాస్టారు మనకి లేరమ్మా" అన్నారు. కాఫీ తాగి, పేపరు తిరగేస్తూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఫోన్ పెట్టేశాక చూస్తే ఎర్ర గుర్తు తెర మీద అలాగే ఉంది.

ఆయన మాకు ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ చెప్పారు. రిటైరయ్యాక అందరిలా హాయిగా ఉండొచ్చు కదా, ఉండలేదు. పాత విద్యార్థుల్ని పోగేసి ఒక ఓపెన్ సోర్స్ పనిలో దింపారు. ప్రోగ్రామ్ రాయాలంటే మంచి కంప్యూటర్ కావాలి, అందులో బోలెడు సరంజామా ఎక్కించుకోవాలి. మా ప్రాజెక్టు ఉంటే అవేవీ అక్కర్లేదు. బ్రౌజర్ తెరిస్తే చాలు, అసలు మెషీన్ ఎక్కడో క్లౌడ్‌లో ఉంటుంది, పాత డొక్కు కంప్యూటర్ మీద కూడా పని నడుస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కొత్తగా వచ్చినవాళ్ళు చదివే మొదటి పేజీ ఒకటి ఉంటుంది, క్విక్ స్టార్ట్ అంటాం. ఆ పేజీలో అక్షరం మార్చాలన్నా మాస్టారు ఒప్పుకోవాలని మేమే కట్టుబాటు పెట్టుకున్నాం. ఏ ముహూర్తాన పెట్టుకున్నామో గానీ, అప్పట్నుంచీ నాకు మనశ్శాంతి లేదు.

పాత పేజీ మేమంతా కలిసి రాసింది. ఇటువైపు మనుషులం కదా, ఇంటికొచ్చినవాళ్ళని గుమ్మంలోంచే పనిలోకి దింపితే మర్యాదగా ఉంటుందా? అందుకని ముందు స్వాగతం చెప్పాం. ప్రాజెక్టు పుట్టుపూర్వోత్తరాలు చెప్పాం. లోపల ఏది ఎలా పనిచేస్తుందో బొమ్మ వేశాం. ఇలా చెయ్యొచ్చండి, కావాలంటే అలాక్కూడా చెయ్యొచ్చండి అంటూ ఉన్న దారులన్నీ చూపించాం. అసలు ఎక్కడ నొక్కాలో చెప్పేసరికి పేజీ సగం దాటిపోయింది. మాకది చాలా ముచ్చటగా ఉండేది.

ఆ పేజీ పట్టుకుని మండవల్లిలో ఒక కాలేజీకి వెళ్ళాం. అక్కడి కంప్యూటర్లు ఆన్ అవడమే గొప్ప. మా ప్రాజెక్టు పనికొచ్చేది అలాంటి చోటే. పిల్లలు చదవడం మొదలుపెట్టారు. చదువుతూనే ఉన్నారు. నేను ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తి "ఇక్కడ నొక్కమ్మా, అది వదిలెయ్, అది తర్వాత" అని చెబుతూనే ఉన్నాను. చివరి వరసలో ఒకమ్మాయి తెర మూసేసి, "నాకు రాదులెండి మేడమ్" అని బ్యాగు తీసుకుని బస్సుకి వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్‌గారు మర్యాదస్తులు. "మళ్ళీ ఎప్పుడైనా చూద్దామండి" అన్నారు. మన వైపు ఆ మాటకి అర్థం ఏమిటో మీకు తెలుసు.

తిరిగొస్తుంటే దారికి రెండు పక్కలా చేపల చెరువులు. మాస్టారు కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నారు. తర్వాత అన్నారు, "ఆ పిల్లకి రాకపోవడమేంటి? మనమే రానివ్వలేదు. గుమ్మంలో నిలబెట్టి మర్యాదలు చేశాం."

ఇక అక్కణ్ణుంచి మొదలైంది నా అవస్థ. పేజీలో ఏ మార్పు చేసినా, ఇంతకుముందు దాన్ని చూడని మనిషి చేత పైకి చదివిస్తారు. చదువుతూ అందులో చెప్పినట్టు చెయ్యాలి. రాసినవాళ్ళు పక్కనే కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఉట్టినే ఊరుకుంటే సరిపోదు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవాలి. "నీ గురించి నాకు తెలుసు, ఆగలేవు" అనేవారు. అవతలి మనిషి తప్పు చోట నొక్కుతుంటే ప్రాణం గిలగిల్లాడేది. నేను గొంతు సవరించుకున్నా ఒప్పుకునేవారు కాదు. "దగ్గు కూడా చెప్పడమే. నువ్వు ప్రతి ఇంటికీ వెళ్ళి దగ్గుతావా?" అనేవారు.

ఒకసారి చదివిన మనిషి మళ్ళీ పనికిరాడు, ఎందుకంటే వాడికి తెలిసిపోయింది. దాంతో ఏలూరులో మనుషులు అయిపోవడం మొదలైంది. మెడికల్ షాపాయన చదివారు. రైస్ మిల్లు గుమస్తాగారు చదివారు. కరెంటు రిపేరుకి వచ్చినాయన నిచ్చెన దిగకుండానే, "నాకు చదువు లేదండి బాబూ" అని ముందే చెప్పేశాడు, తీరా చూస్తే డిప్లొమా! కొందరు మాస్టారు ఎదురొస్తుంటే రోడ్డు అవతలికి దాటేసేవారు. ఎవరూ దొరక్కపోతే పిన్నిగారి చేతే చదివించేవారు, ఎన్నిసార్లో లెక్క లేదు. ఆఖరికి, "ఈవిడ చెడిపోయిందమ్మాయ్, పేజీ తియ్యకుండానే అప్పజెబుతోంది" అని ఆవిణ్ణి తీసేశారు. "అమ్మయ్య, ఇన్నాళ్ళకి విముక్తి" అన్నారు పిన్నిగారు.

ఇంత పిసినారితనం పేజీలోనే. భోజనానికి వెళ్ళామా, అయిపోయామే! వద్దంటే పప్పు, చాలంటే నెయ్యి, లేస్తుంటే ఇంకో గరిటె పులుసు. ఒకసారి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి అడిగేశాను, "ఏవండీ మాస్టారూ, నేను పేజీలో ఒక్క మాట ఎక్కువ వడ్డిస్తే తీసేస్తారు, ఇక్కడ మీరు చేస్తున్నదేంటండీ?" అని. ఆయన తడుముకోలేదు. "ఇక్కడ నువ్వు ఆకలితో వచ్చావమ్మా. అక్కడ వాళ్ళు భయంతో వస్తారు" అన్నారు. అని, నా వేళ్ళ సందుల్లోంచే నెయ్యి పోశారు.

నేను వారాల తరబడి చెక్కిన వాక్యాల్ని ఆయన నిమిషంలో కొట్టేసేవారు. స్వాగతం పోయింది. చరిత్ర పోయింది. నేను ఎంతో ఇష్టంగా వేసుకున్న బొమ్మ పోయింది, దానికైతే నేను ఏడ్చాను కూడా. "బాగుందమ్మాయ్, చాలా బాగుంది, వేరే పేజీలో పెట్టుకో" అన్నారు. ఎందరు తిట్టినా రాని కోపం ఆ "బాగుంది"కి వచ్చేది.

ఈమధ్య మండవల్లి ప్రిన్సిపాల్‌గారి కాళ్ళావేళ్ళా పడి ఇంకో అవకాశం తెచ్చుకున్నాం. ఇదీ పాడైతే మళ్ళీ గుమ్మం ఎక్కనివ్వరు. అందుకని కొత్త పేజీ రాశాను. నాలుగే నాలుగు మెట్లు, ఎక్కడా ఒక్క మర్యాద లేదు. ఇంక ఈయన ఏం తీస్తారో చూద్దామనుకున్నాను. ఆయన ఏమీ తియ్యలేదు. ఎర్ర గుర్తు పెట్టి ఒక్క ముక్క రాశారు: "మూడో మెట్టులో మెషీన్ తయారవడానికి కాసేపు ఆగమన్నావు. అయిపోయిందని వాళ్ళకెలా తెలుస్తుంది?" నేను పళ్ళు నూరుకుంటూ ఉండగానే పిన్నిగారి ఫోన్ వచ్చింది.

ఎర్ర గుర్తు ఉన్నంతవరకూ కొత్త పేజీ బయటికి రాదు, లోకానికి కనబడేది పాతదే. ఆ గుర్తు తియ్యాల్సింది పెట్టిన మనిషే. "ఆయన రివ్యూ పక్కన పెట్టెయ్యడానికి మీకు అధికారం ఉందండీ, ఒక్క నొక్కు" అని మా జట్టులో ఒకాయన గుర్తు చేశారు, పాపం నెమ్మదిగానే. నొక్కాను. ఎందుకు పక్కన పెడుతున్నారో కారణం రాయండి అని ఖాళీ గడి ఒకటి తెరుచుకుంది. ఆయన లేరు అని రాయాలా? ఆ గడి మూసేశాను. పోయి కూడా నా పని ఆపుతున్నారని ఒళ్ళు మండింది. అంతలోనే ఏడుపొచ్చింది.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలంతా వెళ్ళాక ఏలూరు వెళ్ళాను. మర్నాడే మండవల్లి ప్రయాణం. ముందుగదిలో మాస్టారి ఫొటో, దాని పక్కన ఆయన ఫోన్. పిన్నిగారు దానికి ఇంకా రోజూ ఛార్జింగ్ పెడుతున్నారు. నేను లాప్‌టాప్ తెరిచి ఆయన అడిగింది రాశాను: "ఎడమ పక్కన పచ్చ చుక్క వస్తే అయిపోయినట్టే. రాకపోతే ఇంకా ఆగండి, పాడు చేసింది మీరు కాదు." రాశాక అలవాటు కొద్దీ, మళ్ళీ చూడండి అని మాస్టారికి కబురు పంపే మీట నొక్కేశాను. ఫొటో పక్కన ఫోన్ టింగుమంది.

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. పిన్నిగారు లేచి వెళ్ళి ఫోన్ తీసి, కళ్ళజోడు సవరించుకుని చూశారు.

"నీ పేజీయేనా?"

"అవునండీ."

"ఏదీ, ఇలా ఇయ్యి. ఇది నేను చదవలేదుగా."

లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పైకి చదవడం మొదలుపెట్టారు. మొదటి మెట్టు దాటారు. రెండోదాని దగ్గర వేలు గాల్లోనే ఆపి, "ఇప్పుడెక్కడ నొక్కాలమ్మా?" అన్నారు. చెప్పడానికి నోరు తెరిచాను. నా చెయ్యి దానంతటదే వచ్చి నోటికి అడ్డం పడింది. పిన్నిగారు నా వైపు చూశారు. ఆవిడ కళ్ళు నిండాయి. మళ్ళీ పేజీలోకి తలవంచి, పై వాక్యం ఇంకోసారి చదువుకుని, సరైన చోట నొక్కారు. మూడో మెట్టు దగ్గర ఇద్దరం ఎదురుచూశాం.

"వచ్చింది, పచ్చ చుక్క" అన్నారు. "అయిపోయినట్టేనటగా."

పిన్నిగారు నాలుగో మెట్టు కూడా దాటాక ఆ ఖాళీ గడి మళ్ళీ తెరిచాను. కారణం దగ్గర రాశాను: "పిన్నిగారు చదివారు. నేను నోరు విప్పలేదు." ఎర్ర గుర్తు పోయింది, పేజీ బయటికి వెళ్ళింది. పిన్నిగారి చేతిలో ఆయన ఫోన్ ఇంకోసారి టింగుమంది. ఆవిడ దాన్ని చీర చెంగుతో తుడిచి, ఫొటో పక్కన పెట్టి, ఛార్జర్ తగిలించారు.