బండికి ఆగ్నేయం ఏ పక్క?

మా బావ పోయాడు. ఆదోని నుంచి ఫోను వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో మా వరండాలో పేపరు చదువుకుంటున్నాను. సాయంత్రం బండి తీయడానికని గడప మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ అట్లాగే పక్కకు ఒరిగిపోయాడట. మా అక్క అప్పటికే బండెక్కి కూర్చుని ఉంది. “ఈయప్ప ఇంగా రాలేదేమి” అని ఆమె ఆగకుండా హారన్ కొడితే తప్ప ఇంట్లో ఎవరూ బయటికి వచ్చి చూడలేదు.

సంతాప సభ పెట్టారు. పత్తి వ్యాపారులు ఒకరి తర్వాత ఒకరు లేచి మృదుస్వభావి అన్నారు, అజాతశత్రువు అన్నారు. మా బావ మృదుస్వభావి కాడు. దళారీలను నోటికొచ్చినట్టు తిట్టేవాడు. నా చేతిలో పుస్తకం కనిపిస్తే చాలు, “అంత సదివి ఏం సేసినావప్పా, కండ్లద్దాలు మార్చుకుంటివి, అంతేగా” అనేవాడు. ఆయనకూ నాకూ ఎప్పుడూ పడలేదు. కానీ ఆ సభలో ఒక్కరూ ఆయన బండి మాట ఎత్తలేదు. ఎత్తితే ఎవరెవరు తల దించుకోవాలో వాళ్లకు తెలుసు. అందుకే నేను రాస్తున్నాను.

అక్కకు మతిమరుపు జబ్బు వచ్చింది. పొద్దు వాలేసరికి సొంత ఇంట్లోనే లేచి నిలబడి, “పాండి, ఇంటికి పోదాం. చీకటి పడతాంది” అనేది. ఇదే మన ఇల్లని చెబితే ఏడ్చేది. గడియ పెడితే అరచేతులు కమిలేదాకా తలుపు బాదేది. పై అంతస్తులో ఉండే బావ తమ్ముడు, “ఎక్కడైనా చేర్పిద్దాం, వీధిలో పరువు పోతాంది” అన్నాడు. బావ మాత్రం మిల్లుకు కూలీలను తోలే పాత వ్యాను ఒకటి తెచ్చి, లోపల మంచం బిగించి, స్టవ్వు పెట్టి, గోడకు చిన్న టీవీ తగిలించాడు. ఆమె ఇంటికి పోదామంటే పోవాలి గదా, అన్నాడు.

రోజూ సాయంత్రం ఆమెను ఎక్కించుకుని బయల్దేరేవాడు. ఎమ్మిగనూరులో నన్ను తోడెక్కించుకునేవాడు. నందవరం దారిలో తెలిసినవాళ్ల చేను గట్టున ఆపేవాడు. అక్కకు దారంతా ఇంటికి పోతున్నట్టే. ఆగినాక టీవీలో ఏడు గంటల వార్తల ముందు వచ్చే సంగీతం వినిపిస్తే, అది ఇల్లు. “అమ్మయ్య, సేరినాం” అని కాళ్లు చాపుకునేది. ఆ తర్వాత వెనక్కి ఆదోనికి తీసుకుపోయినా మారుమాట లేకుండా పడుకునేది. టీవీ రాకపోతే మాత్రం అది పరాయి చోటు. చెప్పులు కూడా వేసుకోకుండా దిగి నడిచిపోయేది.

నెలనెలా డబ్బు కట్టనక్కర్లేని డిష్ ఒకటి కొన్నాడు. బిగించే పిల్లవాడు రానని, “ఆగ్నేయం పెట్టు పెద్దాయనా, వస్తాది” అని ఫోనులోనే చెప్పాడు. ఇల్లూ అంగడీ వాస్తు ప్రకారం కట్టించిన మనిషికి అంతకంటే ఏం కావాలి? తూర్పుముఖంగా నిలబెట్టి ఉన్న వ్యాను పైన, ఆగ్నేయ మూల చూసేట్టు డిష్‌ను నాలుగు బోల్టులతో బిగించేశాడు. ఇంటి ఆవరణలో బొమ్మ అద్దంలా వచ్చింది. చేను గట్టున నిలబెడితే ఏమీ లేదు.

“వైరు సూడాల ముందు. ఆకాశాన్ని తర్వాత తిడుదువు” అనేది ఆయన పద్ధతి. వైరు విప్పి, కొన తుడిచి, మళ్లీ బిగించాడు. టీవీ వెనక పిన్ను మార్చాడు. వేపకొమ్మ అడ్డమని బండి ముందుకు జరిపాడు. నాకు నవ్వొచ్చింది.

“బావా, డిష్ చూడాల్సింది ఆకాశంలో ఆగ్నేయాన్ని. నువ్వు బండికి ఆగ్నేయం పెట్టినావు. బండి ఇప్పుడు ఉత్తరం చూస్తాంది.”

“ఇంటికి వాస్తు ఉంటే బండికి ఉండదా?”

“ఇల్లు తిరగదు గదా. బండి తిరుగుతాది.”

ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

“మీ అక్కకు ఇల్లే తిరుగుతాంది గదప్పా” అన్నాడు.

లోకంలోని తత్వశాస్త్రమంతా చదివానని నాకు పేరు. ఆ మాట మాత్రం ఏ పుస్తకంలోనూ చూడలేదు. మేము అట్లా నిలబడి ఉండగానే లోపల మంచం ఖాళీ అయింది. అక్క అప్పటికే రోడ్డెక్కింది. అటునుంచి గడ్డి లారీ వస్తోంది. నేను పరుగెత్తలేను. బావ పరుగెత్తాడు, పంచె ఊడిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని. ఆమెను రోడ్డు పక్కకు లాగి, రొప్పుతూ, “అటు గాదు. మన ఇల్లు ఇటు” అని వెనక్కి తిప్పాడు.

మరునాడే బోల్టులు తీయించి, డిష్‌ను తిరిగే పైపు మీదికి మార్పించాడు. వెనక నిచ్చెన పెట్టించాడు. అప్పటినుంచి ప్రతి సాయంత్రం అదే తంతు. వాలే పొద్దును వీపుకు పెట్టుకుని, కొంచెం కుడికి తిరిగి, ఆ వయసులో పైకెక్కేవాడు.

“వచ్చిందా?”

“రాలేదయ్యో!” అక్క లోపలినుంచి అరిచేది.

“ఇప్పుడు?”

“సుక్కలు సుక్కలుగా వచ్చింది. ఆ, ఆ, పోయె! వెనక్కి తిప్పు!”

ఆమెకు నా పేరు గుర్తుండేది కాదు. ఈ పని మాత్రం ఒక్కనాడూ మరవలేదు. బొమ్మ నిలిచినాక బావ దిగివచ్చి, “మీ అక్క లేకుంటే నాకు సిగ్నలే దొరకదప్పా” అనేవాడు. ఆ మాట వింటే ఆమె సిగ్గుపడేది.

ఆ వ్యానుకు పిచ్చిబండి అని పేరు పెట్టినవాడు ఎవరో నాకు తెలుసు. పై అంతస్తు నుంచి దిగివచ్చి, సభలో ముందు వరుసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నదీ ఆయనే. కర్మలు అయ్యీ కాకముందే బండి బేరం పెట్టాడు.

“తాళం ఇయ్యి బావా” అన్నాడు నాతో. “తోలను రాదు, నీకెందుకు అది?”

“నీకు వస్తాది గదా. ఒక్క సాయంత్రం మీ వదినను తిప్పుకొని రా. వచ్చినాక తాళం నీ దగ్గరే పెట్టుకో.”

ఆయన సెల్‌ఫోను చూసుకుంటూ లోపలికి పోయాడు. తాళం నా దగ్గరే ఉంది. ఎన్నాళ్లు ఉంచుకోగలనో తెలియదు. అక్క సాయంత్రాలు ఏం కావాలో ఆ ఇంట్లో అడిగేవాళ్లు లేరు. నేను ఎమ్మిగనూరు వదిలి ఆ వ్యాను పక్కనే కుర్చీ వేసుకున్నాను.

షామియానాకు అడ్డమని వ్యానును తోసి గోడకు మూతి ఆనించి పెట్టారు. డిష్ ఇప్పుడు పక్కింటి నీళ్ల ట్యాంకును చూస్తోంది. నా మోకాళ్లు ఆ నిచ్చెన ఎక్కవు. పొద్దు వాలితే అక్కను చెయ్యి పట్టుకుని ఎక్కిస్తాను. టీవీ వేస్తాను. నల్ల తెర మీద సిగ్నల్ లేదన్న అక్షరాలు నిలబడతాయి. దిగి నడుస్తుందేమోనని తలుపు దగ్గరే నిలబడతాను.

ఆమె దిగదు. తల పైకెత్తి, వ్యాను కప్పును చూస్తుంది.

“ఇంగా రాలేదయ్యో. ఇంగొంచెం తిప్పు.”

కాసేపు చెవి ఒగ్గి వింటుంది. తర్వాత గొంతు తగ్గించి, పైన ఉన్న మనిషికి మాత్రమే వినపడాలన్నట్టు అంటుంది.

“తొందరేం లేదులే. నిదానంగా తిప్పు. పడతావు.”