గీత లేని తూనీగ

చాతం జెట్టీకి, అవతలి ఒడ్డున ఉన్న బాంబూ ఫ్లాట్‌కి వెళ్లే బోటు వచ్చి ఆగింది. అందరితో పాటు నేనూ లేవబోతుంటే, బెంచీ మీద నా పక్కన కూర్చున్నావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"కదలకండి దీదీ, ఏక్ మినిట్!"

నా ఒళ్లో అడ్డంగా పెట్టుకున్న గొడుగు మొన మీద ఎర్ర తూనీగ వాలి ఉంది. ఆవిడ మెల్లగా లేచి, ఊపిరి బిగబట్టి దాని మీదికి వంగింది.

"ఎర్రవాటిలో రెండు రకాలున్నాయి దీదీ. పక్కనుంచి చూస్తే రెండూ సేమ్. పైనుంచి చూడాలి. ఒకదానికి తోక మీద సన్నగా నల్ల గీత ఉంటాది, రెండోదానికి ఉండదు. ఆ గీత లేనిదాని కోసమే ఎతుకుతున్నాను."

అక్క పోయినప్పటి నుంచి ఇంట్లో అందరూ నన్ను కదిలించాలనే చూశారు. లే, తిను, నలుగురిలోకి వెళ్లు అనేవారు. కదలొద్దని అడిగిన మనిషి ఈవిడొక్కతే. గొడుగు పట్టుకుని బొమ్మలా కూర్చున్నాను. బోటు వెళ్లిపోయింది.

"గీత ఉంది" అంది చివరికి.

"అయ్యో, మీరు వెతికేది ఇది కాదా?"

"కాదు దీదీ, ఇది రోజూ కనబడేదే. అయితే ఏంటి? ఎంత బాగుందో చూడండి!"

అది ఎగిరేదాకా ఇద్దరం చూశాం. తర్వాతి బోటెక్కి అవతల దిగాక ఆవిడ జనంలో కలిసిపోయింది. పేరైనా అడగలేదు.

ఆవిడ పుణ్యమా అని, ఎర్ర తూనీగ కనబడితే ఇప్పటికీ ఆగి, వంగి చూస్తాను. ఇంతవరకూ అన్నిటికీ గీత ఉంది. అయినా అది ఎగిరిపోయేదాకా కదలను.