వల విప్పిన వైపు

నేను చాలా ఊళ్ళు తిరిగాను. గుంత తవ్వుతుంటే చుట్టూ జనం చేరని ఊరు మాత్రం ఎక్కడా చూడలేదు. పెళ్ళికి పిలిస్తే రానివాడు కూడా గుంత తవ్వుతున్నారంటే పిలవకుండానే వస్తాడు. కోటలు కట్టించిన రాజుల గురించి చరిత్రకారులు పేజీలకు పేజీలు రాశారు గాని, ఆ కోట లేస్తున్నంత కాలం గట్టు మీద కూర్చుని "ఆ రాయి నిలవదు చూడు" అంటూ కాలక్షేపం చేసినవాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. నన్నడిగితే చరిత్రలో సగం వాళ్ళదే.

ఈ ఊరి గుంత చాలా పెద్దది. అఖాతానికి అవతలి ఒడ్డున గ్యాసు ఎగుమతి చేసే ప్లాంటు కడుతున్నారు. సముద్రం అడుగునుంచి తీసిన గ్యాసును విపరీతంగా చల్లబరిచి, నీళ్ళలా మార్చి, కొండంత ట్యాంకుల్లో దాచి, ఓడలకెక్కించి పరాయి దేశాలకు పంపుతారట. దాంతో ఈ ఊళ్ళో ఒక్క పొయ్యి కూడా వెలగదు. ఆ సంగతి అందరికీ తెలుసు. అయినా పక్కింటివాళ్ళు భోజనానికి పిలవనంత మాత్రాన వంట వాసన పీల్చడం మానేస్తామా? పైగా కంపెనీవాళ్ళు చుట్టూ ఎత్తుగా రేకులు నిలబెట్టారు. లోపల ఏముందో చూడకుండా ఉండలేని స్థితికి ఊరిని తెచ్చింది ఆ రేకులే.

చూడడానికి మిగిలిన చోటు ఒక్కటే. ఇవతలి గట్టు మీద దుర్భిణీ వదిన మేడ.

ఆమె భర్త ఖలాసీ. తాళ్ళూ గొలుసులూ కప్పీలూ వేసి బరువులెత్తే పని. పాత ఓడలు విరగ్గొట్టేచోట పనిచేసిన రోజుల్లో తుక్కులో దొరికిన దుర్భిణీని ఇంటికి తెచ్చి, ఇనప గొట్టాల మీద బిగించి, మేడ మీద నిలబెట్టాడు. ప్లాంటు పని మొదలైనప్పటినుంచి వీధి వీధంతా ఆ మేడ మీదే. దుర్భిణీ ఒక్కటి, కళ్ళు బోలెడు. అందుకని అక్కడ ఒక కట్టుబాటు పుట్టింది. గొట్టానికి కన్ను ఆనించినవాళ్ళు చూసింది చూసినట్టు పైకి చెప్పాలి. నోరు మూసుకుని చూడడం దొంగతనం కింద లెక్క.

"ఎర్ర క్రేను తిరుగుతోంది."

"తర్వాత?"

"ఒకాయన టోపీ తీసి తల గోక్కుంటున్నాడు."

"గోక్కోనీ! తర్వాత?"

ఇలా గంటలకు గంటలు సాగేది. నేను ఎదురింటి పైగది అద్దెకు తీసుకునేనాటికి ఖలాసీ పడిపోయి కొంతకాలమైంది. కాబట్టి ఆ రోజు సంగతి నేను విన్నదే గాని చూసింది కాదు.

ట్యాంకు గోడ బయటివైపు పరంజా మీదనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గాని నడుం కింద చచ్చుబడింది. మేడ మెట్లు ముందుగదిలోనుంచే పైకి పోతాయి. ఆ మెట్ల పక్కనే మంచం. పైకి పోయే ప్రతి కాలూ ఆయన తల పక్కనుంచి పోవలసిందే. అక్కడ పనిలో పెట్టించింది వదిన అక్క మొగుడే. అతను అక్కడ సూపర్వైజరు. విచారణలో నోరు విప్పింది కూడా అతనే. "తాగి ఎక్కాడు, కింద కట్టిన రక్షణ వల దాటి పోయి పడ్డాడు" అన్నాడు. కంపెనీ చేతులు దులుపుకుంది. ఊరు ఖలాసీకి పేరు మార్చి 'చుక్కల ఖలాసీ' అని పెట్టింది. బడిలో ఆయన కూతుర్ని "మీ నాన్న చుక్కలు చూస్తూ పడ్డాడటగా" అని ఏడిపించారు. ఆ పిల్ల బడి మానేస్తానంది.

"తాగడా అంటే తాగుతాడు. నాకు అబద్ధం ఎందుకూ," అంది వదిన ఒకసారి నాతో. "సెలవు రోజు తాగుతాడు, పాటలు పాడతాడు, నా చేత తిట్లు తిని పడుకుంటాడు. తాడు పట్టుకునే రోజు మాత్రం మంచినీళ్ళు తప్ప ముట్టడు. ఆ రోజు నేను ఇక్కడే ఉన్నా బాబాయ్. ఈ కంటితోనే చూశా. ఎవరో పెద్దవాళ్ళు గేటు వైపు వస్తున్నారని, మా ఆయన ముఠా ఉన్న వైపు వల విప్పేసి గేటు వైపు కట్టించాడు మా బావ. చూసింది చూసినట్టు పైకి చెప్పా కూడా. టైలరు విన్నాడు, మందుల షాపాయన విన్నాడు, లెక్కల మాస్టారు విన్నాడు. తర్వాత అడిగితే ఒక్కడికీ గుర్తు లేదు."

గుర్తు ఎలా ఉంటుంది? టైలరుకు ప్లాంటు యూనిఫారాలు కుట్టే పని దొరికింది. మందుల షాపాయన అక్కడికి కట్లూ గాజుగుడ్డా సరఫరా చేస్తున్నాడు. మాస్టారి అల్లుడికి అక్కడ ఉద్యోగం. అన్నీ సూపర్వైజరు చేతిమీదుగా జరిగినవే. చెవిలో పడ్డ మాట బయటికి రాకుండా ఉండాలంటే నోట్లో మెతుకు పెడితే చాలు. ఇది ప్రపంచంలో అన్ని దేశాల్లోనూ పనిచేసే వైద్యం.

నాకు అర్థం కాని సంగతి ఒకటుండేది. ఇంత జరిగాక కూడా వదిన మేడ తలుపు మూయలేదు. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేసేది, మంచినీళ్ళిచ్చేది, తన వంతు వచ్చినప్పుడు ఎప్పటిలాగే చెప్పేది. మెతకది కాబోలు అనుకున్నాను. పగ పట్టినవాళ్ళ గురించి ఎన్నో పుస్తకాలు చదివాను. వాళ్ళంతా పళ్ళు కొరుకుతారు, శపథాలు చేస్తారు. కుర్చీలు తుడిచే పగను గురించి ఎవరూ రాయలేదు.

చివరికి ట్యాంకు కప్పు ఎత్తే రోజు వచ్చింది. ఊరు దీనికోసం ప్రాణాలు బిగబట్టుకుని ఉంది. ఎందుకంటే ఆ కప్పును ఎత్తడానికి క్రేన్లు వాడరు. గోడల లోపల నేల మీదే ఇనప కప్పు కట్టి, కింద పెద్ద ఫ్యాన్లు పెట్టి, గాలి ఊది, పొంగే పాల మీద మీగడలా పైకి తేలుస్తారు. ఆ కప్పు వాసాలు లేపింది ఖలాసీ ముఠాయే. ఇవతలి ఒడ్డుకు మాత్రం గోడ అంచు దాటి దాని నడినెత్తి పైకి వచ్చే క్షణమే కనబడుతుంది. అంత దూరం నుంచి, పొద్దుటి మంచులో, దుర్భిణీ లేకపోతే అదీ లేదు.

ఆ ఉదయం ఫ్యాన్లవాళ్ళు తప్ప మిగిలిన పనివాళ్ళెవరూ లోపల ఉండకూడదన్నారు. అందువల్ల సూపర్వైజరు కూడా పెళ్ళాన్ని వెంటబెట్టుకుని మేడెక్కాడు. చేతుల కుర్చీ అతనికే వేసింది వదిన.

"గాలికి మా ఇంటి రేకులు లేస్తాయి గాని ఇంత ఇనుము లేస్తుందా సార్?" అన్నాడు టైలరు.

"ఊదే లెక్కన ఊదితే ఏదైనా లేస్తుంది," అన్నాడు సూపర్వైజరు కాలు మీద కాలు వేసుకుని.

"గాలి కబుర్లకైతే మా బావమరిది ఉన్నాడుగా, ఫ్యాన్లెందుకు దండగ!" అన్నాడు టైలరు.

అందరూ నవ్వారు. అవతలి ఒడ్డునుంచి సన్నగా హోరు మొదలైంది. వదిన గొట్టానికి కన్ను ఆనించింది.

"మొదలైందా వదినా?"

వదిన చెయ్యి గొట్టం చివర ఏదో తిప్పుతోంది.

"ఏం కనిపిస్తోంది?"

"కనిపించేది."

"అదేంటి, చెప్పాలి కదా!" మందుల షాపాయన గొంతులో నిజంగానే కంగారు.

"చెప్పాలా? చూసింది చెప్పాలనే కట్టుబాటు ఇంకా ఉందా ఈ మేడ మీద?" వదిన తల ఎత్తింది. "నాకేమో తెలీలేదు అన్నయ్యగారూ. విన్నది చెప్పక్కర్లేదని మీరే నేర్పారు. చూసింది మాత్రం నేనెందుకు చెప్పాలి?"

హోరు పెరిగింది. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఏంటమ్మా ఈ నాటకం," అంటూ సూపర్వైజరు లేచి, ఆమెను పక్కకు తప్పించి, తానే కన్ను పెట్టాడు. కాసేపు అటూ ఇటూ తిప్పాడు. "ఏమీ లేదే! అంతా తెల్లగా ఉంది."

"ఉండదు బావగారూ. కంటి దగ్గరి అద్దం నా గుప్పిట్లో ఉంది." ఆమె పిడికిలి పిట్టగోడ బయటికి చాపి ఉంది. కింద రాళ్ళూ సముద్రమూ. "ఎవరైనా ముందుకు వస్తే వదిలేస్తా. మా ఆయన పడ్డ రోజు ఈ మేడ మీద మీ చెవులు విన్నది చెప్పండి. ఆ తర్వాత మీ కళ్ళకు చూపిస్తా."

"తల్లీ, ఇది సందర్భం కాదు," అన్నాడు మాస్టారు.

"మీకు కప్పు లేచే రోజే సందర్భం మాస్టారూ. మా ఆయన కూలిన రోజు తీరిక లేకపోయింది మీకు."

వదిన అక్క అందుకుంది. "నీ బావ పరువు తీస్తావా చెల్లీ? నలుగురిలో?"

"నా మొగుడి పరువు నలుగురిలోనే పోయిందక్కా. పోయినచోటే వెతుక్కుంటున్నా."

"లేస్తుందేమో! లేచిపోతుందేమో!" అని వెనకనుంచి ఎవరో ఏడుపుగొంతుతో అరిచారు. కుతూహలం ఆకలికన్నా చెడ్డదని నేనెప్పుడూ అంటుంటాను. ముందు టైలరు లొంగిపోయాడు.

"విన్నా," అన్నాడు నేల చూపులతో. "వల విప్పుతున్నారని నువ్వు చెప్పావు వదినా. వల తీసేస్తే ఇంక చేపలెలా పడతాయి అని నేను జోకు వేశా. అందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు." అతను మాస్టారి వైపు చూశాడు. "చేపలని అన్నానే గాని…"

"నవ్వాను," అన్నాడు మాస్టారు. మందుల షాపాయన తల ఊపాడు. తల ఊపితే సరిపోదంది వదిన. నోటితో చెప్పించింది. ఆ రోజు ఉన్న ప్రతి మనిషినీ వేలు పెట్టి చూపించి, ఒక్కొక్కరి చేతా చెప్పించింది. ఏమాత్రం తొందర పడలేదు. అక్షరం మింగినవాళ్ళ చేత మళ్ళీ మొదటినుంచి చెప్పించింది. చివరికి కుర్చీ వైపు తిరిగింది.

"బావగారూ, ఆయన పడింది తాగా, వల లేకా?"

"పైనుంచి ఆర్డరు వచ్చిందమ్మా. సేఫ్టీ ఆఫీసరు చెప్పాడు, డాక్టరు నోట్లో మందు వాసన ఉందని రాశాడు, నేను…"

"మీరు ఎవరి పేర్లయినా చెప్పుకోండి. నేను అడిగింది అది కాదు."

చుట్టూ ఉన్నవాళ్ళు "చెప్పండి సార్, త్వరగా చెప్పండి" అని గోల చేశారు. నిన్నటిదాకా అతని ముందు చేతులు కట్టుకున్నవాళ్ళే.

"వల లేదు."

"తాగాడా?"

"లేదు."

"గట్టిగా. కిందికి వినపడాలి."

"తాగలేదు! తాగలేదమ్మా, చాలా?"

వదిన నింపాదిగా వచ్చి అద్దం బిగించి, మొదటి వంతు టైలరుకే ఇచ్చింది. అప్పటికి అవతలి హోరు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు. టైలరు చాలాసేపు చూశాడు.

"చెప్పు మరి!"

"కప్పు ఉంది," అన్నాడు.

"లేస్తోందా?"

"లేవడం ఏంటి. ఉంది అంతే. ఎప్పటినుంచో ఉన్నట్టు ఉంది."

మందుల షాపాయనకు కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఎంత కాలంనుంచి ఎదురుచూశాం వదినా!"

"నేనూ అంతే అన్నయ్యగారూ," అంది వదిన.

జనం మెట్లు దిగుతుంటే నేనూ దిగాను. సూపర్వైజరు మంచం దగ్గర ఆగాడు. ఆగక తప్పలేదు, దారి అదే. ఏదో అనబోయాడు. ఖలాసీ అతని ముఖం వైపు చూసి, "కప్పు సమంగా కూచుందా అన్నయ్యా?" అని అడిగాడు. పనివాడి ప్రశ్న, అందులో కోపం లేదు. జవాబివ్వగల ప్రశ్న దొరికేసరికి సూపర్వైజరుకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. కాని వదిన మధ్యలో వచ్చి నిలబడింది.

"ఆయన పని గురించి మీ నోటితో చెప్పకండి. వెళ్ళండి."

వెళ్ళారు. అక్క గడప దాటుతూ, "ఇంక నాకు చెల్లెలు లేదు," అంది. వదిన తలుపు వేసేసింది. లోపల మిగిలింది వాళ్ళిద్దరూ, తడిక పక్కన చెవులు రిక్కించుకుని ఉన్న కూతురూ, బయటికి పోవడానికి వేళ మించిపోయిన నేనూ.

"ఎలా లేచిందే?" అన్నాడు ఖలాసీ.

వదిన కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనూ చూడలేదు. అద్దం నా చేతిలోనే ఉందిగా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. కప్పు వాసాలు ఎత్తినవాడు, కప్పు లేవడం ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు ఇంట్లో ఒక్కరూ లేకపోయారు. ఆ పూట ఆమె గెలుపులో నాకు కనబడిన లోటు అదొక్కటే. అది ఆమెకూ తెలుసు.

"పోనీలే," అన్నాడు చివరికి. "ఇంకా రెండు ట్యాంకులు కడుతున్నారుగా. వాటికి చూద్దువుగాని."

"కట్టనీ," అంది వదిన, ఆయన తల కింద దిండు సర్దుతూ. "ఆఫీసరొకడు, డాక్టరొకడు ఉన్నారు. వాళ్ళకీ కుర్చీలు వేస్తా."

నేను ఆ ఊళ్ళో ఇంకో ఏడాది ఉందామని అప్పుడే నిశ్చయించుకున్నాను.