పొగ ఆగిందని తిప్పిన పిడి

ఆ రోజు నేను చేసిన తప్పును చూపించడానికి రెండు వేళ్లు చాలు. పొయ్యి గొట్టానికి ఉన్న చిన్న ఇనప పిడి నిలువుగా ఉంటే దాన్ని అడ్డంగా తిప్పాను. చేసింది అంతే. దానివల్ల ఇద్దరు ఆడవాళ్ల ప్రాణం మీదికి వచ్చింది. ముప్పై ఏళ్లు గడిచాక చెప్తుంటే ఇందులో నవ్వొచ్చే చోట్లు కనిపిస్తున్నాయి, మీరు నవ్వండి, నేనూ నవ్వుతాను. కాని తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు కాస్త తేలికవుతుంది.

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, గల్ఫ్‌కు పోయిన మా వైపు కుర్రాళ్ల దగ్గర పాస్‌పోర్టుతో పాటు "నాకు రాదు" అనే మాటను కూడా కంపెనీవాళ్లే తీసి బీరువాలో పెట్టుకునేవారేమో అనిపిస్తుంది. వెల్డింగ్ వచ్చా అంటే వచ్చు. టైల్స్ వచ్చా అంటే వచ్చు. ఒంటె పాలు పితకడం వచ్చా అన్నా వచ్చనేవాళ్లం. అన్నాక ఆ పని నిజంగా వచ్చినవాడెవడో వెతుక్కుని రెండ్రోజుల్లో నేర్చుకునేవాళ్లం. నేను సముద్రం ఒడ్డున అల్ హైల్ అనే ఊళ్లో ఒక చిన్న బిల్డింగ్ కంపెనీలో హెల్పర్ని. ఇరవై మూడేళ్లు, పదో తరగతి రెండుసార్లు తప్పిన చదువు, రూమ్ మొత్తంలో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోగలిగినవాణ్ని నేనొక్కణ్నే కావడం వల్ల వచ్చిన పొగరు. మా మేస్త్రీని అందరూ కాక అనేవారు. నాకు మాత్రం ఊరి వరసకు నిజంగానే కాక, అంటే చిన్నాన్న.

మా అర్బాబ్ (అక్కడ యజమానిని అలాగే పిలుస్తాం) సొంతూరు కొండ మీద. కింద మాకు చలికాలమంటే ఫ్యాను కాస్త తగ్గించుకోవడం. పైన ఆ ఊళ్లో తెల్లారి చూస్తే తొట్టిలో నీళ్ల మీద గాజుపెంకులాంటి మంచు పేరుకునేది. ఆయన తల్లి డెబ్బై ఏళ్ల మనిషి, కొండ దిగి రానంటే రానంటుంది. ఆమె కోసం అర్బాబ్, దేశం విడిచిపోతున్న ఒక తెల్ల ఇంజినీరు దగ్గర ఇల్లు వెచ్చబెట్టే ఇనప పొయ్యి తీసుకున్నాడు. కట్టెలైనా వేసుకోవచ్చు, బొగ్గులైనా వేసుకోవచ్చు. సైట్‌కు వచ్చి "కోయ్‌లే కా కామ్ కిస్‌కో ఆతా హై?" అని, బొగ్గు పని ఎవరికొచ్చని అడిగాడు. నా చెయ్యి నాకంటే ముందే లేచింది. మాది బొగ్గుబాయిల ఊరు మరి. (నేను బాయిలోకి ఒక్కసారి కూడా దిగలేదు. మా మేనమామ దిగేవాడు. నేను దిగినవి మా ఇంటి ముందున్న రెండు మెట్లు.)

కొండ ఎక్కుతున్న బండిలో కాక నా చెవి దగ్గరికి వంగాడు. "ఏమ్రా, నిజంగ వస్తదా నీకు?"

"మా ఊరే బొగ్గు కాక."

"ఊరు బొగ్గైతే నువ్వు బొగ్గైతవా? సముద్రం పక్కపొంటి ఉన్నోళ్లందరికి ఈతొస్తదా?"

రాతితో, మట్టితో కట్టిన పాత ఇల్లది. అర్బాబ్ తల్లి ఉండే గదికి ఒక తలుపు, ఒక చిన్న కిటికీ. గోడల్లో, దూలాల కింద వేలు పట్టేంత సందులు. వాటిలోంచే చలి వస్తోందని వాటన్నిటికీ సిమెంటు పూయడం మా మొదటి పని. చాలా శ్రద్ధగా పూశాను. చీమ కూడా దారి వెతుక్కోవలసి వచ్చేలా పూశాను. ముసలామెను చూసుకోవడానికి కడప నుంచి వచ్చిన ఒకామె ఉండేది, నేను కడపక్క అనేవాణ్ని. రెండేళ్లుగా తెలుగు మాట వినని మనిషి కావడంతో మమ్మల్ని చూసిన క్షణం నుంచి ఆమె నోరు మూతపడలేదు. మేం ఆ గదిలోకి వెళ్లాలంటే తలుపు బయట నిలబడి దగ్గాలి. ముసలామె ముసుగు సర్దుకున్నాక కడపక్క "రాండి" అంటుంది. అప్పుడు తల దించుకుని లోపలికి పోవాలి. ఆ నాలుగు రోజుల్లో నేను దగ్గినంత క్షయరోగి కూడా దగ్గి ఉండడు.

పొయ్యి బిగించడంలో కాక బుద్ధి వల్ల చాలామటుకు సరిగ్గానే చేశాం. కింద బండపలక పరిచాం. గోడకు మూరెడు ఎడం వదిలాం, వెనక రేకు నిలబెట్టాం. గొట్టం కప్పులోంచి పైకి పోయేచోట దూలాలకు వేడి తగలకుండా చుట్టూ రేకు తొడుగు వేశాం. పెట్టెలో పొయ్యితో పాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. "చదువుకున్నోనివి గదా, ఏం రాసిండ్రో చూడు" అని కాక నా చేతికిచ్చాడు. తిరగేశాను. ఒక పేజీలో పొయ్యి బొమ్మ, పక్కన జానెడు తెరిచిన కిటికీ, లోపలికి బాణం గుర్తు. గొట్టం పిడి నిలువుగా ఉన్న బొమ్మ ఒకటి, అడ్డంగా ఉన్న బొమ్మ ఒకటి, అడ్డంగా ఉన్నదాని మీద పెద్ద నల్ల గీత. కింద బారెడు రాత. చదవడం రాలేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఏమున్నది కాక, ఉడుకెక్కువైతే కిటికీ తెరువుమన్నరు" అన్నాను.

"గింత పుస్తకంల గంతేనా?"

"మిగిలింది కంపెనీ గురించి."

నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు కమ్మి గాలి లేచింది. పొయ్యి వెలిగించాం. ముందు కట్టెలు, అవి అందుకున్నాక పైన కట్టెబొగ్గు. గొట్టం జమ్మని లాగింది. అర్బాబ్ చూసి "తమామ్", అంతా బాగుంది అని నా భుజం తట్టి తోటలోకి వెళ్లాడు. కాక, నేను గొట్టం చుట్టూ పూత పూయడానికి మిద్దె ఎక్కబోతుంటే లోపలి నుంచి కడపక్క గొంతు వినిపించింది.

"ఏమబ్బీ, ఏమి పొయ్యి ఇది? ఏడంతా గొట్టంలో పడి ఆకాశానికి పోతాండాది. పైన దేవుళ్లకు చెమటలు పడతాంటాయి. ఈడ పెద్దామెకు పండ్లు కొట్టుకుంటాండాయి."

"ఆగక్కా, గంట పడుతది."

"గంటా? మా ఊర్లో చుట్ట ముట్టిస్తే దీనికంటే ఎక్కువ ఏడి వస్తాది."

ఆ మాట నాకు తగిలింది. దగ్గి, లోపలికి పోయి చూశాను. బొగ్గు ఎర్రగా కణకణలాడుతోంది. పొగ చుక్క లేదు. మా ఊళ్లో ప్రతి ఇంట్లో చేసే పని ఒకటుంది. బొగ్గుల పొయ్యిని వాకిట్లో ముట్టించి, పొగంతా చచ్చాక, గుడ్డతో పట్టుకుని ఇంట్లోకి తెచ్చుకుంటారు. పొగ పోయిందంటే భయం పోయిందని మా లెక్క. ఆ ఇళ్లు పెంకుటిళ్లని, ప్రతి పెంకు సందులోంచీ గాలి ఆడుతుందని, అందుకే మేమంతా బతికి బట్టకట్టామని నాకు ఎవరూ చెప్పలేదు. పొగ లేనప్పుడు గొట్టమెందుకు అనుకుని పిడి అడ్డంగా తిప్పి గొట్టం మూసేశాను. కిటికీ రెక్క గట్టిగా నొక్కాను. తలుపు కింద గోనెసంచి కూడా కుక్కమని చెప్పాను.

"ఇగ సూడక్కా" అన్నాను గర్వంగా. కాసేపటికే గది వెచ్చబడింది. నేను పైకెక్కి పనిలో పడ్డాక కూడా మిద్దె మీదికి ఆమె మాట వినపడుతూనే ఉంది. ముసలామె పొయ్యిలో లుబాన్ ధూపం వేయమంటోందనీ, తనకు మా సాంబ్రాణే మేలనిపిస్తుందనీ ఏదో చెప్తూ పోతోంది.

గంటన్నర పని చేశాం. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే కాక వెచ్చబెట్టుకుందామని అరచెయ్యి గొట్టానికి ఆనించాడు. ఆనించినవాడు తీయలేదు.

"గొట్టం సల్లగున్నదేందిరా?"

"ఉడుకంత లోపల్నే ఆపిన కాక."

"ఎట్ల ఆపినవ్?"

చెప్పాను. కాక మొహం నా వైపు తిప్పాడు. "మరి లోపలి గాలి యాడికి వోతాంది?"

అప్పుడు నాకు తట్టిన సంగతి గాలి గురించి కాదు. కడపక్క మాట్లాడటం లేదు. ఎప్పటి నుంచి మాట్లాడటం లేదో కూడా నాకు తెలియదు.

నిచ్చెన ఎలా దిగానో తెలియదు. తలుపు దగ్గరికి పోయి, ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది, దగ్గాను. జవాబు లేదు. మళ్లీ దగ్గాను. "రాండి" అనే మాట కోసం చూస్తూ, యజమాని తల్లి ఉన్న గదిలోకి పిలవకుండా పోతే ఏమంటారో అని నిలబడిపోయాను. వెనక నుంచి కాక "ఇంక ఎవరు రమ్మంటర్రా నిన్ను" అని భుజంతో తలుపు నెట్టాడు. గోనెసంచి అడ్డుపడి తలుపు సగమే తెరుచుకుంది.

కడపక్క గోడకు జారగిలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. "తల పగిలిపోతాండాదబ్బీ, కాళ్లు నా మాట ఇనడం ల్యా" అంది, చాలా మెల్లగా, నిద్రలో అన్నట్టు. ముసలామె పరుపు మీద పక్కకు ఒరిగి ఉంది. పిలిస్తే పలకలేదు.

నేను మొదట ఎవరి దగ్గరికి పోయానని అడక్కండి. పొయ్యి దగ్గరికి పోయాను. పిడిని నిలువుగా తిప్పి ముందెలా ఉందో అలా పెట్టేశాను. గాలి కోసం కాదు. అర్బాబ్ వస్తే చూస్తాడని. ఆ తర్వాతే మనుషుల వైపు తిరిగాను. ఆ రెండు క్షణాల మరక ఎన్నిసార్లు కడుక్కున్నా పోలేదు.

ముసలామెను ముట్టుకోవడానికి నా చేతులు ఆడలేదు. "పరుపు పట్టు, మనిషిని ముట్టకు" అన్నాడు కాక. గోనెసంచి లాగి పారేసి, పరుపుతో సహా వాకిట్లోకి ఈడ్చాం. తిరిగిపోయి కడపక్కను చెరో రెక్క పట్టుకుని బయటికి తెచ్చాం. ఆ చలిగాలిలో ఆమె రెండుసార్లు వాంతి చేసుకుంది. ముసలామె మాత్రం కదల్లేదు. కాక ఆమె ముసుగు అంచు కాస్త ఎత్తి ముక్కు దగ్గర వేలు పెట్టాడు. నేను కాక మొహమే చూస్తున్నాను. నా బతుకులో అంత పొడుగు నిమిషం మళ్లీ చూడలేదు. "ఉన్నది" అన్నాడు కాక చివరికి. ఇంకాసేపటికి ఆమె గొంతులోంచి ఒక మూలుగు వచ్చింది.

అర్బాబ్ తోటలోంచి పరుగున వచ్చాడు. గదిలోకి పోయి చూశాడు. పిడి నిలువుగా, పద్ధతిగా ఉంది. పొయ్యిలో కాలిన లుబాన్ వాసన. బయటికి వచ్చి కడపక్కను "క్యా డాలా ఉస్‌మే?" అని, అందులో ఏం వేశావని అడిగాడు. ఆమె తల పట్టుకునే "లుబాన్" అంది. ఆయన మొహం గట్టిపడింది. అమ్మకు ఏదైనా అయితే నిన్ను ఊరికి పంపించేస్తానన్నాడు. ఆమె జీతం మీద అక్కడ ఇద్దరు పిల్లల చదువు నడుస్తోంది. నేను పక్కనే నిలబడి నా చెప్పుల వైపు చూసుకున్నాను.

ఇద్దరినీ బండిలో పడుకోబెట్టి ఊళ్లోని ఆస్పత్రికి తీసుకుపోయాడు. వాకిట్లో కాక, నేను మిగిలాం. కాక లోపలికి పోయి పిడిని చూసి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"దాన్ని నిలువుగ ఎవరు పెట్టిన్రు?"

నేను గోటికంటిన సిమెంటు గీక్కున్నాను.

"ఆ పిల్ల మాటల మనిషి గని, తప్పు లేని మనిషి. నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

"వీసా క్యాన్సిల్ చేస్తడు కాక."

"చెయ్యనీ. ఆమెది చేసుడు కంటె నీది చేసుడే నాయం."

పొద్దు వాలుతుండగా బండి తిరిగొచ్చింది. నా కళ్లు ముందు సీటు మీదే ఉన్నాయి. ముసలామె అందులో నిటారుగా కూర్చుని, బండి నడపడం రాదని కొడుకును తిడుతోంది, వెనక సీట్లో కడపక్క ఉంది. అక్కడే నేలమీద కూలబడ్డాను. కూర్చునే చెప్పాను, వచ్చీరాని హిందీలో. పిడి నేనే మూశాను, మళ్లీ నేనే తెరిచాను, పుస్తకం నాకు అర్థం కాలేదు, కడపక్క ఏమీ చేయలేదు. చివరి మాట మూడుసార్లు చెప్పినట్టున్నాను.

అర్బాబ్ అదంతా తల్లికి అరబీలో చెప్పాడు. అది విని ముసలామె నా వైపు వేలు చూపించి ఏదో అంది. ఆమె అరబీ కడపక్కకు బాగా తెలుసు. పాలిపోయిన మొహంతోనే తెలుగులో చెప్పింది. "పండక్కి మాంసాన్ని గుంతలో పెట్టి, నిప్పులేసి, మూతేసి మట్టి మెత్తుతారు సూడు, షువా అని. ఈ ఇండియావాడు నన్ను అట్ల వండాలని సూసినాడు, కాకపోతే మసాలా మర్సిపోయినాడు అంటాంది." అర్బాబ్ పెదవులు కదిలాయి, నవ్వు మాత్రం బయటికి రానివ్వలేదు. పుస్తకం తెచ్చి నా ఒళ్లో పడేసి "పఢో" అన్నాడు. ఇది చదివి అందరికీ చెప్పేదాకా కొండ దిగొద్దన్నాడు.

పదకొండు రోజులు ఉన్నాను. ఊరి బడిలో పనిచేసే ఈజిప్టు పంతులు దగ్గర రోజూ సాయంత్రం ఆ పుస్తకంతో కూర్చున్నాను. వాసన, రంగు లేని విషగాలి ఒకటుందని, పొగ లేని నిప్పే దానికి ఇల్లని అక్కడే తెలుసుకున్నాను. గొట్టంలోని మూతపలకను ఊడదీసి మళ్లీ ఎవరూ తిప్పలేకుండా చేశాను. నేను సిమెంటు పూసిన గోడలోనే, కప్పుకు దగ్గరగా ఒకటి, నేలకు దగ్గరగా ఒకటి రంధ్రాలు కొట్టి జాలీలు బిగించాను. బూడిద ఎత్తడానికి మూత ఉన్న ఇనప బకెట్ తెప్పించాను. అల్ హైల్‌కు తిరిగొచ్చాక ప్రతి చలికాలం తెలిసిన కూలీల క్యాంపులన్నిటికీ సెలవు శుక్రవారాలు తిరిగి, కొండ సైట్లకు పోయినప్పుడు రూమ్‌లో బొగ్గుల కుంపటి పెట్టుకుని తలుపులేసుకోవద్దని చెప్పాను. నేను చేసిందంతా దాచకుండా చెప్పాను. దాస్తే ఎవరూ వినేవారు కాదు.

కడపక్కకు చదువు రాదు. అందుకని దిగే ముందు రోజు ఆమెకు నోటితోనే నేర్పించాను. తర్వాతి ఏడాది కప్పు బాగుచేయడానికి కాక, నేను మళ్లీ కొండెక్కాం. తలుపు బయట దగ్గబోతుంటే లోపల ఆమె పొయ్యి ముట్టిస్తూ పాఠం వల్లిస్తోంది. "కిటికీ జానెడు తెర్సల్ల. బూడిద తీసి బయట పారబొయ్యల్ల. గొట్టం లాగుతాండాదో లేదో సూసుకోవల్ల. తల నొప్పి అనిపిస్తే బయటికి పోవల్ల." అక్కడికి నేను నేర్పింది అయిపోయింది. ఆమె ఊపిరి తీసుకుని తన సొంతానిది ఒకటి కలిపింది. "అన్నీ తెల్సునని చెప్పేవాడు వస్తే, వాణ్ని గడప కాన్నే నిలబెట్టల్ల."

నేను గడప దగ్గరే నిలబడ్డాను. ఆ ఇరవై మూడేళ్లవాడు నా పక్కనే, చెయ్యెత్తి, తనకన్నీ వచ్చని చెప్తూ నిలబడ్డట్టే అనిపించింది. వాడి చెయ్యి మెల్లగా కిందికి దించి, ఆమె రమ్మనేదాకా అక్కడే ఆగాను.