మెరుపుకి పగ్గం వేసిన డయోడ్లు

పంతొమ్మిది వందల నలభైల చివర్లో నేను కొత్త కోడలిగా బందరు వచ్చేసరికి మా ఇంట్లో బ్యాటరీ రేడియో ఉండేది. కాలేజీలో ఫిజిక్సు చెప్పే మావారు దాన్ని స్వయంగా బిగించారు. హెడ్‌ఫోన్లు పెట్టుకునే వినాలి. వానాకాలం సముద్రం వైపు మెరిస్తే చాలు, చెవిలో ఫెళ్లుమనేది. ఒక సాయంత్రం వయొలిన్ కచేరీ వింటూ నేను కెవ్వుమని హెడ్‌ఫోన్లు లాగేశాను.

మర్నాడు ఆయన రెండు చిన్న డయోడ్లు తెచ్చి, హెడ్‌ఫోన్ల రెండు తీగల మధ్య ఎదురెదురు దిక్కుల్లో కలిపారు.

"పాట కూడా పోతుందేమోనండీ!" అన్నాను.

"పోదు. పాట వోల్టేజీ చిన్నది, దానికి ఇవి తెరుచుకోవు. మెరుపు వల్ల వోల్టేజీ హద్దు దాటితే మాత్రం తెరుచుకుని, ఎక్కువైన కరెంటుని తమలోంచి పంపేస్తాయి. ఒక్కో డయోడు కరెంటుని ఒక్క దిక్కునే పోనిస్తుంది. అది ఏ దిక్కున పెరుగుతుందో తెలీదు కదా, అందుకే రెండు."

ఆ సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. ఆయన కంటే ముందు నేనే హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాను. కిటికీ నిండా మెరుపు! కళ్లు గట్టిగా మూసుకున్నాను. చెవిలో చిన్నగా టప్పుమంది, అంతే. వయొలిన్ సాగిపోతూనే ఉంది.

"ఏమండీ, పని చేసింది!" అని అరిచాను.

"ఏదీ, ఇటివ్వు!"

"ఇంకొక్క మెరుపు విని ఇస్తాను, ఉండండి!"

చివరికి చెరొకటి చెవికి ఆనించుకుని, కిటికీ దగ్గర మెరుపుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం.